పాలు ఒలకని నడక

మా నాయిన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేశాడు. ముప్పై ఏళ్ళకు పైగా పట్టాల మధ్య, స్లీపర్ మీద నుంచి స్లీపర్ మీదికి నడిచీ నడిచీ ఆయన అడుగు ఆ కొలతకే కుదురుకుపోయింది. కూరగాయలకు బజారుకు పోయినా అదే అడుగు, పెళ్ళి ఊరేగింపులో నడిచినా అదే అడుగు. వారమంతా అట్లా నడిచిన మనిషి సెలవు దొరికితే ఇంట్లో కాళ్ళు చాపుకుని పడుకోవాలి కదా. ఊహూ. పొద్దున్నే మమ్మల్ని లేపి "గుట్టకు పోదాం, తయారు గాండ్రి" అనేవాడు.

గుట్ట అంటే అనంతగిరి. మాది వికారాబాద్. 2016 నుంచి జిల్లా కేంద్రం గానీ, నా చిన్నప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఒక చిన్న ఊరు. జంక్షన్ స్టేషన్, ఒక బజారు, సాయంత్రం ఏడు దాటితే రైలు కూత తప్ప వేరే చప్పుడు ఉండేది కాదు. హైదరాబాద్‌కు డెబ్బై అయిదు కిలోమీటర్లు ఉంటుందేమో, ఊరి నుంచి గుట్ట మీది అనంత పద్మనాభస్వామి గుడికి ఐదారు. ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఉంటున్నాను, ఆఫీసులో వాళ్ళకు మాది వికారాబాద్ అని తెలిసిన దగ్గర నుంచి ప్రతి వానాకాలం ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, పిల్లలతో పోవచ్చా, ఎక్కువ ఎక్కాలా, పెద్దవాళ్ళు నడవగలరా అని. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మా అవ్వ అరవై ఏళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో, చెప్పుల్లేకుండా పోయి వచ్చిన దారులవి. మీ పిల్లలు హాయిగా నడుస్తారు.

అట్లా చెప్పి ఊరుకుంటాను గానీ ఆ దారుల గురించి చెప్పాల్సింది చాలా ఉంది, అందుకే ఈ నాలుగు ముక్కలు.

మేం ఎప్పుడూ ఘాట్ రోడ్డు మీద పూర్తిగా నడిచేవాళ్ళం కాదు. రోడ్డు మెలికలు తిరుగుతూ పోతుంటే దాన్ని అడ్డంగా కోసుకుంటూ మనుషులు, పశువులు నడిచి నడిచి పడిన కాలిబాటలు కొన్ని ఉండేవి, వాటి మీదుగా ఎక్కేవాళ్ళం. నిటారుగా ఉండదు. ఎర్రమట్టి, అందులో రంధ్రాలు రంధ్రాలుగా ఉండే ఎర్రరాయి, రెండు పక్కలా టేకు, మోదుగ, తునికి, మధ్యమధ్యలో సీతాఫలం పొదలు. ఎండిన టేకాకు మీద కాలు పడితే అప్పడం విరిగినట్టు చప్పుడయ్యేది. తమ్ముడు ఆ చప్పుడు కోసమే బాట వదిలి ఆకుల మీద నడిచేవాడు, అమ్మ "పాములుంటయ్ రా, బాట మీద నడువు" అని మొత్తుకునేది. టేకు చిగురాకును అరచేతుల మధ్య పెట్టి నలిపితే చేతులు ఎర్రగా అవుతాయి, గోరింటాకు పెట్టుకున్నంత ఎరుపు. అది నాకు నేర్పింది అవ్వే. ఈనాటికీ ఏ పిల్లలతో అడవికి పోయినా నేను మొదట చూపించేది అదే. ఎంత ఫోన్ పిచ్చి ఉన్న పిల్లలైనా ఒక్కసారి చేతులు ఎర్రబడ్డాయంటే ఇంక ఆకు కోసం చుట్టూ వెతకడం మొదలుపెడతారు.

తొలకరి పడ్డాక పోతే ఆరుద్ర పురుగులు. ఎర్ర మఖమల్ ముక్కకు కాళ్ళొచ్చినట్టు, ఎర్రమట్టి మీద ఇంకా ఎర్రగా మెల్లగా పాకుతూ ఉండేవి. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉండిపోయేది, అరచేతిలో పెట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తే కాసేపటికి ఒక్కో కాలూ బయటికి తీసేది. ఎన్ని నిమిషాలు అట్లా కూర్చున్నా నాయిన ఒక్క మాట అనేవాడు కాదు.

అవ్వ మాతో ఎప్పుడూ వచ్చేది. నాయిన అమ్మ. మొదట్లో ఆమె రావడం నాకూ తమ్ముడికీ పెద్దగా నచ్చేది కాదు, ఉన్నదున్నట్టు చెప్తున్నాను. ఆమె అన్నిచోట్లా ఆగేది. ఊరు దాటాక రోడ్డు కింద మోరీ ఒకటుంది, దాని గోడ మీద ఒకసారి కూర్చునేది. బాట మొదలయ్యాక పెద్ద మద్దిచెట్టు, అక్కడ ఒకసారి. తరవాత బల్లలా పరుచుకున్న రాయి, అక్కడ. గుట్ట మీదికి చేరాక ఆసుపత్రి గోడ దగ్గర ఇంకోసారి, అది కాస్త ఎక్కువసేపు. ఆగడం కూడా ఎట్లా, దమ్ము వచ్చి ఆగినట్టు కాదు, ఎవరో అక్కడ కూర్చోమని చెప్పి పెట్టినట్టు సరిగ్గా అవే నాలుగు చోట్ల, అవే వైపుకు తిరిగి. మాకేమో గుడి దగ్గరికి ఉరకాలి. అక్కడ కోతులు, కొబ్బరి చిప్పలు, గుడి కింద మెట్లు దిగితే భవనాశిని గుండం, దాని కిందుగా లోయలోకి పోయే బాట. మా ప్రపంచమంతా అక్కడుండేది.

ఆ లోయ బాట మీదే నేనూ తమ్ముడూ ఒకసారి తప్పిపోయాం. నాకు తొమ్మిదేళ్ళు, వాడికి ఏడు. 1991, చలికాలం. అమ్మవాళ్ళు గుండం దగ్గర సద్ది విప్పుతున్నారు, మేం "ఇప్పుడే వస్తాం" అని దిగాం. బాట రెండుగా చీలిన చోట ఎడమకు పోవాల్సింది కుడికి పోయాం. అది మేకల బాట. మేకల బాటకు ఒక గుణముంటుంది, ఒకచోటికి చేర్చే దారిలాగే కనపడుతుంది, పొదల మధ్యకు తీసుకుపోయి అక్కడ పది దారులైపోతుంది. వెనక్కి తిరిగితే ఏ దారిన వచ్చామో తెలియలేదు. అరిచాం. మా గొంతు మాకే తిరిగి వినపడింది. తమ్ముడు ఏడుపు మొదలుపెట్టాడు, నేను పెద్దదాన్ని కాబట్టి ఏడవకూడదనుకుని వాడి చెయ్యి గట్టిగా పట్టుకుని ఒక రాయి మీద కూర్చున్నాను. ఆ వేళ నేను చేసిన ఒక్క మంచి పని అదే, అక్కడి నుంచి కదలకపోవడం. చలికాలం పొద్దు ఎంత, మూడు దాటేసరికే చెట్ల కింద నీడలు చిక్కబడుతున్నాయి.

మేకలు కాసే తాత ఒకాయన వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కొడవలి కట్టిన పొడుగు కర్ర. "ఎవరి పిల్లలు?" అని కూడా అడగలేదు. "మీ నాయిన అటు దిక్కు పిలుస్తుండు, నడువుండ్రి" అన్నాడు. మేకలు ముందు, ఆయన వెనక, ఆయన గొంగడి అంచు పట్టుకుని మేం.

నాయిన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నిజానికి ఆయన ముఖం చూస్తే తిడితేనే బాగుండు అనిపించింది. తమ్ముణ్ణి ఎత్తుకుని, నా తల మీద చెయ్యి పెట్టి, కాసేపటికి ఒక్క మాటన్నాడు. "ఇగ నుంచి అవ్వ ముందు నడుస్తది. అవ్వను దాటి ఎవ్వరూ పోవద్దు. నేను గూడ పోను."

ఆ రోజు నుంచి మా ఇంట్లో అదే రూలు. అవ్వ ముందు, ఆమె వెనక తమ్ముడు, తరవాత నేను, అమ్మ, చివర నాయిన. స్లీపర్ల కొలతకు అలవాటైన మనిషి పొట్టి పొట్టి అడుగులు వేస్తూ ఎంత అవస్థ పడేవాడో, కాలు లేపి ఒక్క క్షణం గాలిలోనే ఆపి కింద పెట్టేవాడు.

అవ్వ వెనక నడవడం మొదలుపెట్టాక ఆమె కాళ్ళే నా కళ్ళ ముందు ఉండేవి కదా, అప్పుడు చూశాను. అందరం మడమ ముందు ఆనించి అడుగు వేస్తాం. అవ్వ అట్లా కాదు. అరికాలంతా ఒక్కసారే నేలకు ఆనించేది, మెత్తగా, ముద్ర వేసినట్టు. మెడ కదలదు. భుజాలు కదలవు. నడుము కింద నుంచే నడక అంతా. గుట్ట ఎక్కుతున్నా సరే, మెడ మీద పెట్టిన తల పెట్టినట్టే ఉండేది. తల మీద ఏమీ లేదు, ఐనా ఏదో మోస్తున్నట్టు నడిచేది.

ఒకరోజు ఆసుపత్రి గోడ దగ్గర ఆగినప్పుడు అడిగాను, ఎందుకవ్వా ఎప్పుడూ ఈడనే కూర్చుంటవ్ అని. అవ్వ చెప్పలేదు. నాయిన చెప్పాడు.

అనంతగిరి మీద నిజాం కాలం నాటి టీబీ శానిటోరియం ఉంది. క్షయకు సరైన మందులు లేని కాలంలో మంచి గాలి, ఎండ, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే మందు అనుకునేవాళ్ళు, అందుకే ఇట్లాంటి ఆసుపత్రులు ఊళ్ళకు దూరంగా చెట్ల మధ్య కట్టారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915 నాటిది, అదీ ఇట్లాంటి ఆలోచనతోనే వచ్చింది. 1940లలో స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నాక మందులతో నయం కావడం మొదలైంది గానీ, ఆ తరవాత చాలా ఏళ్ళ దాకా రోగులను నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉంచేవాళ్ళు. మా చిన్నాయినకు పదహారేళ్ళప్పుడు టీబీ వచ్చింది. ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు చెప్పడానికే భయపడేవాళ్ళు, వాడకట్టులో మా ఇంటికి వచ్చిపోయేవాళ్ళు తగ్గారట. చిన్నాయినను గుట్ట మీద ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ తిండి పెట్టేవాళ్ళు, ఐనా అవ్వకు మనసొప్పలేదు. ఇంట్లో ఒక బర్రె ఉండేది. తెల్లవారుజామున పాలు పిండి, కాచి, సిల్వర్ గిన్నెలో పోసి, మూత సరిగ్గా పట్టదు కాబట్టి దాని మీద గుడ్డ కట్టి, తల మీద చుట్టబట్ట పెట్టుకుని దాని మీద ఆ గిన్నె, ఒడిలో రెండు ఉడకబెట్టిన గుడ్లు. అట్లా ప్రతిరోజూ నడిచి గుట్ట ఎక్కి, పాలు ఇచ్చి, దిగి వచ్చి, కూలికి పోయేది. ఎనిమిది నెలలు.

మోరీ గోడ, మద్దిచెట్టు, బల్లరాయి, ఆసుపత్రి గోడ. ఆ నాలుగూ గిన్నె దించుకోవడానికి వీలైన ఎత్తున్న చోట్లు. ఎవరి సాయం లేకుండా తల మీది గిన్నెను దించి పక్కన పెట్టి, మళ్ళీ తనే ఎత్తుకోవడానికి నడుము ఎత్తు గట్టు కావాలి కదా. బల్లరాయి ఒక పక్క సరిగ్గా నడుము ఎత్తే, తరవాత పోయినప్పుడు నేను దాని పక్కన నిలబడి చూసుకున్నాను. ఆసుపత్రి గోడ దగ్గర ఎక్కువసేపు ఎందుకంటే, ఆ వేళకు లోపలికి పోనిచ్చేవాళ్ళు కాదట, గోడకివతల కూర్చుని ఎవరైనా వచ్చి గిన్నె తీసుకుపోయే దాకా ఎదురుచూసేది. చిన్నాయిన వరండాలోకి వచ్చి నిలబడేవాడు. దూరం నుంచి ఒకరినొకరు చూసుకునేవాళ్ళు.

చిన్నాయినకు నయమైంది. పెళ్ళయింది, పిల్లలు, మనుమలు, ఇప్పటికీ ఉన్నాడు, ఇప్పటికీ రోజూ రాత్రి గ్లాసు పాలు తాగుతాడు. అవ్వ ఆ ఎనిమిది నెలలూ ఒక్క చుక్క ఒలకనివ్వలేదని ఆయనే చెప్తాడు. నేను విన్నప్పుడు నాకు పదేళ్ళు ఉంటాయేమో. ఆ పూట గుడి దాకా ఒక్క మాట మాట్లాడకుండా ఆమె వెనకే నడిచాను, అరికాలంతా ఆనిస్తూ నడవడానికి ప్రయత్నిస్తూ. చాలా కష్టం. మీరూ ఒకసారి నడిచి చూడండి, రెండు నిమిషాలకే పిక్కలు పట్టేస్తాయి.

గుడి దాకా పోయే దారి ఒక్కటే కాదు మాకు. ఇంకోటి బుగ్గ. బుగ్గ అంటే ఊట, మా వైపు ఊట పుట్టే చోటుకల్లా ఆ పేరే. బుగ్గ రామలింగేశ్వరుడి గుడి దగ్గర కొలనులోకి ఎండాకాలం కూడా నీళ్ళు పడుతూనే ఉంటాయి, మా చిన్నప్పుడు దాంట్లో దిగకుండా ఇంటికి వచ్చింది లేదు. మూసీ నది పుట్టింది ఈ గుట్టల్లోనే. ముచికుందుడనే రాజు దేవతల తరఫున యుద్ధం చేసి చేసి అలసిపోయి గుహలో పడుకున్నాడని, నిద్ర లేపినవాడు ఆయన చూపుకు భస్మమవుతాడని, కృష్ణుడు కాలయవనుణ్ణి ఆ గుహలోకి రప్పించాడని, తరవాత ముచికుందుడు కృష్ణుడి కాళ్ళు కడిగితే ఆ నీళ్ళే ముచికుందా నదై అదే మూసీ అయిందని అవ్వ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ గుహ వేరే చోట చూపించేది, అది వేరే సంగతి. మేం ఏ గుహ చూసినా లోపల రాజు పడుకున్నాడేమోనని చప్పుడు చెయ్యకుండా దాటేవాళ్ళం.

నాయినకు మాత్రం పురాణం కంటే నీళ్ళు ఎటు పోతాయన్నది ముఖ్యం. తాండూరు వైపు పనికి పోయినప్పుడు కాగ్నా నదిని చూసినవాడు కదా. ఒకసారి గుట్ట మీద ఎత్తయిన చోట ఆగి, సీసాలో నీళ్ళు కొన్ని తూర్పు వైపు పోశాడు, కొన్ని పడమర వైపు. "ఇవి మూసీల కలుస్తయ్, హైదరాబాద్ మీదంగ పోయి వాడపల్లి కాడ కృష్ణల పడ్తయ్. అవి కాగ్నాల కలుస్తయ్, తాండూరు మీదంగ కర్ణాటకకు పోయి భీమల కలిసి, భీమ పోయి కృష్ణల పడ్తది." తమ్ముడు కాసేపు ఆలోచించి "అయితే రెండూ మళ్ళ కలుస్తయా?" అన్నాడు. "కలుస్తయ్ బిడ్డా, శానా దూరం పోయినంక" అన్నాడు నాయిన. బడిలో నదుల పాఠం ఎన్నిసార్లు చదివానో, ఆ సీసా నీళ్ళు ఎర్రమట్టిలోకి ఇంకిపోయిన రెండు తడి మచ్చలు గుర్తున్నట్టు ఏ మ్యాపూ గుర్తులేదు.

ఏడాది మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన నడక మాత్రం బతుకమ్మ ముందరిది. పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మకు పొద్దున్నే పూలకు పోవాలి. గునుగు చేల గట్ల మీద దొరికేది, తంగేడుకు గుట్ట వాలుకే పోవాలి. ఆ రోజుల్లో వాలంతా పచ్చగా పూసి ఉండేది. తంగేడు తెంపేటప్పుడు కొమ్మ విరవకూడదు, గుత్తిని బొటనవేలితో నొక్కి తీయాలి, రేపు వచ్చేవాళ్ళకు కూడా ఉండాలి కదా అనేది అవ్వ. సంచి నిండాక సీతాఫలాల వేట. అప్పుడే కాపు. కాయను తెంపవచ్చో లేదో దాని కండ్లు చూసి చెప్పాలి. గింజ గింజకూ ఉబ్బిన ఆ బుడిపెల మధ్య గీత సన్నగా, ఆకుపచ్చగా ఉంటే ఇంకా కాలేదు. ఆ గీత వెడల్పయి తెల్లగా, కాస్త పసుపుపచ్చగా తేలితే కండ్లు విచ్చినట్టు. అది తెంపి ఇంటికి తెచ్చి బియ్యం డబ్బాలో దాచిపెడితే మూడు నాలుగు రోజులకు మెత్తబడుతుంది. కండ్లు విచ్చనిది తెంపితే ఎన్ని రోజులు పెట్టినా రాయిలాగే ఉండి నల్లబడిపోతుంది. తమ్ముడు ప్రతి ఏడూ కనీసం నాలుగు అట్లాంటివి తెంపేవాడు. అవ్వ వాటిని పారేయకుండా బర్రె ముందు పెట్టేది, అది వాసన చూసి ముఖం తిప్పుకునేది.

సద్ది ఎప్పుడూ ఒకటే. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, ఉల్లిగడ్డ, పచ్చిపులుసు డబ్బా ఒకటి. మోదుగాకులు నాలుగు తెంపి చీపురుపుల్లలతో కుట్టి అమ్మ క్షణాల్లో విస్తరాకు చేసేది. తిన్నాక ఆ ఆకులు అక్కడే చెట్టు మొదట్లో వేసి వచ్చేవాళ్ళం. మా వెనక మేం వదిలింది అదొక్కటే.

దసరా నాడు మళ్ళీ అటే, పాలపిట్ట కోసం. ఆ రోజు పాలపిట్టను చూస్తే మంచిదని అందరూ వెతుకుతారు, మేం గుట్ట దారి మొదట్లో కరెంటు తీగల వైపు చూసేవాళ్ళం. కూర్చున్నప్పుడు మట్టిరంగులో ఉండి, ఎగిరిందంటే రెక్కల్లో నుంచి నీలం ఒక్కసారిగా విచ్చుకునేది.

అవ్వ చివరిసారి గుట్టకు వచ్చింది 2003లో. మోరీ దాకా నడిచింది. గోడ మీద కూర్చుని, "మీరు పోయి రాండ్రి, నేనీడ ఉంట" అంది. రూలు రూలే కదా, ఎవరం దాటలేదు. అందరం ఆమె పక్కన గోడ మీద కూర్చుని, అక్కడే సద్ది విప్పుకుని తిని ఇంటికి వచ్చేశాం. ఆ తరవాత మూడేళ్ళకు పోయింది.

చాలా ఏళ్ళు నేను ఆ దారికి పోలేదు. ఉద్యోగం, పెళ్ళి, పాప. పండక్కి పోయినా కారులో గుడిదాకా పోయి దండం పెట్టుకుని రావడమే. ఇప్పుడు శని, ఆదివారాలు గుట్ట మీద కారు ఆపడానికి చోటుండదు. జనం రావడం నాకు సంతోషమే, నిజంగానే, పట్నంలో నాలుగు గోడల మధ్య పెరిగే పిల్లలు ఆ గాలి పీల్చాలి. కానీ గుండం కింది బాటలో చిప్స్ ప్యాకెట్లు, థర్మాకోల్ ప్లేట్లు, పగిలిన సీసాలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. చెప్పుల్లేకుండా మా అవ్వ నడిచిన బాట అది. పోయేవాళ్ళు ఒక సంచి వెంట తీసుకుపోయి తెచ్చిన చెత్తను తిరిగి తెచ్చుకోండి, దండం పెట్టి అడుగుతున్నాను. కోతులకు తిండి పెట్టకండి, చేతిలో సంచి ఊపుకుంటూ గుడి దగ్గర తిరగకండి. లోయ బాటలోకి పిల్లలను ఒంటరిగా పంపకండి, అది ఎందుకో పైన చెప్పాను. గట్టి వాన పడిన మర్నాడు పోకండి, ఆ ఎర్రమట్టి సబ్బులా జారుతుంది. వానాకాలం వెనకబడ్డాక, అంటే సెప్టెంబరు చివరి నుంచి సంక్రాంతి దాకా ఎప్పుడైనా మంచిదే. పొద్దున ఏడింటికల్లా నడక మొదలుపెడితే ఎండ ఎక్కేలోపు గుడి దగ్గర ఉంటారు. మోదుగ పూలు చూడాలంటే హోళీ ముందు, అప్పుడు ఆకులుండవు, అడవంతా నిప్పురంగే.

పోయిన బతుకమ్మకు పాపకు ఆరేళ్ళు నిండాయి. నాయినకు డెబ్బై దాటాయి, రెండు మోకాళ్ళూ అరిగాయి, డాక్టర్ మెట్లు ఎక్కవద్దన్నాడు. పెత్రమాస ముందు రోజు రాత్రి మేం ఊరికి చేరాం. పొద్దున ఆరింటికి ఎవరో తలుపు కొడుతున్నట్టైతే లేచి చూశాను. నాయిన. చేతిలో బట్టసంచి, కాళ్ళకు కాన్వాస్ బూట్లు. "పూలకు పోదాం, పాపను లేపు."

మోకాళ్ళతో ఎట్లా నడుస్తావ్ నాయినా, కారులో పోదాం అన్నాను. "మెల్లగ పోదాం" అన్నాడు.

రోడ్డు ఎక్కగానే అలవాటుగా నేను ముందు నడవబోయి ఆగిపోయాను. నాయిన ముందుకు వెళ్ళాడు. ఆయన వెనక పాప, పాప వెనక నేను. ఆ స్లీపర్ అడుగు లేదిప్పుడు. అరికాలంతా ఆనించి, మెల్లగా. మోకాళ్ళ నొప్పికి అట్లా వేస్తున్నాడో, ఇన్నేళ్ళు అవ్వ వెనక నడిచి నడిచి అదే వచ్చిందో నాకు తెలియదు. నేను అడగలేదు. మోరీ దగ్గర ఆగాడు. గోడ మీద కూర్చుని పాపను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అక్కడి నుంచి మద్దిచెట్టు. మద్దిచెట్టు నుంచి బల్లరాయి. పాప ఒక్కసారి కూడా ఇంకెంత దూరం అని అడగలేదు, టేకు చిగురుతో చేతులు ఎర్రగా చేసుకుని వాటినే చూసుకుంటూ నడిచింది.

బల్లరాయి పైకి మేం పోలేదు, అక్కడికి చాలనిపించింది ఆయనకు. వాలు మీద తంగేడు దొరికినంత తెంపాం. నా చిన్నప్పటంత లేదు, ఐనా బతుకమ్మకు సరిపోయింది. సాయంత్రం కారులో బుగ్గకు తీసుకుపోయాను. మేముండేది అత్తాపూర్ వైపు, రోజూ స్కూలుకు పోతూ మూసీ వంతెన దాటేటప్పుడు పాప ముక్కు మూసుకుంటుంది. కొలనులో పాదాలు పెట్టుకుని కూర్చున్నాక చెప్పాను, ఇదే మన మూసీ అని. నమ్మలేదు. తాత వైపు తిరిగి "నిజమా తాతా?" అంది. తాత అవునన్నాక వంగి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుని, వాసన చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు నాయిన సంచిలో ఏడు సీతాఫలాలు. ఒక్కోటి తీసి పాపకు కండ్లు ఎట్లా చూడాలో చూపించాడు, దగ్గర పెట్టుకుని, అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని. ఏడింటిలో ఒకటి ఇంకా కండ్లు విచ్చలేదు, అది పాప తెంపింది. పారేద్దామా అన్నాను నేను. వద్దని పాప ఒడిసి పట్టుకుంది. బియ్యం డబ్బాలో అన్నిటికంటే అడుగున పెట్టింది దాన్ని. సద్దుల బతుకమ్మ దాకా రోజూ పొద్దున లేవగానే డబ్బాలో చెయ్యి పెట్టి నొక్కి చూసేది, వెనక తాత నిలబడి "అయ్యిందా బిడ్డా?" అని అడిగేవాడు. "ఇంకా కాలేదు తాతా" అని మూత పెట్టేది.